పేరు తీసేసినా ఊరు పట్టిస్తుంది

2018 ఏప్రిల్ నాటి సంగతి. ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ వెబ్‌సైట్‌లో ప్రభుత్వ ఇళ్ల లబ్ధిదారుల వివరాలు ఎవరైనా చూసుకునేలా ఉండేవి. లబ్ధిదారుల్ని కులం వారీగా, మతం వారీగా వడపోసి, వాళ్ల ఇళ్లు ఎక్కడున్నాయో తెలుసుకోవచ్చు. సుమారు 1.3 లక్షల మంది ఆధార్ నంబర్లు, బ్యాంకు ఖాతాల వివరాలు కూడా అక్కడే బట్టబయలుగా ఉన్నాయి. స్వతంత్ర పరిశోధకుడు శ్రీనివాస్ కొడాలి ఈ సంగతి బయటపెట్టి, పత్రికల్లో రచ్చయ్యాక అధికారులు వాటిని కనపడకుండా చేశారు.

దీన్ని ఎవరూ హ్యాక్ చేయలేదు. పథకం ఎంత బాగా నడుస్తోందో చూపించుకోవడానికి సర్కారే చేయించి పెట్టిన పేజీ అది. అప్పట్లో గొడవంతా ఆధార్ నంబర్ల చుట్టూనే తిరిగింది. అంతకన్నా ప్రమాదకరమైంది అందులో ఉన్న ఇంటి జాడ. ఆధార్ నంబరు బయటికి పొక్కితే వేలిముద్రలకు లాక్ వేసుకునే వీలుంది. బ్యాంకు ఖాతా మార్చుకోవచ్చు. ఇంటిని మాత్రం ఎక్కడికి మోసుకుపోతారు?

పైగా మన ఊళ్లలో ఇల్లెక్కడో తెలిస్తే కులం అడగాల్సిన పనే లేదు. పల్లెల్లో వాడలు కులాల వారీగా విడివిడిగా ఉంటాయి. పట్టణాల్లో మతాల వారీగా పేటలు ఏర్పడ్డాయి. కాబట్టి ఆ వెబ్‌సైట్‌లో కులం గడి తీసేసి అక్షాంశ రేఖాంశాలు మాత్రమే ఉంచినా, ఊరు తెలిసినవాడికి సగం సమాచారం చేతికొచ్చినట్టే. 1985లో కారంచేడు, 1991లో చుండూరు దళితుల ఊచకోతలు చూసిన నేల ఇది. వాడల జాబితాను మీట నొక్కితే వచ్చేలా తయారుచేసి పెట్టడం ఎంత పొరపాటో ఇక్కడివాళ్లకు విడమరిచి చెప్పనక్కర్లేదు.

ఇలాంటి సంగతి బయటపడినప్పుడల్లా ఏ శాఖైనా ఒకే జవాబు చెబుతుంది: పేర్లు తీసేస్తాం, నంబర్లు మరుగుపరుస్తాం, ఇంక భయం లేదు. లొకేషన్ డేటా విషయంలో ఈ జవాబు చెల్లదు. మనిషి తిరిగిన చోట్లే ఆ మనిషి పేరు చెబుతాయి. ఇది ఊహ కాదు, న్యూయార్క్ నగరంలో రుజువైన విషయం.

మన సమాచార హక్కు లాంటి చట్టమే అక్కడా ఒకటుంది. క్రిస్ వాంగ్ అనే ఆయన 2014లో ఆ చట్టం కింద దరఖాస్తు చేసి, 2013లో నగరంలో తిరిగిన ట్యాక్సీల వివరాలన్నీ సంపాదించాడు. 17 కోట్లకు పైగా ప్రయాణాలు. ఎక్కిన చోటు, దిగిన చోటు, టైము, ఛార్జీ, టిప్పు అన్నీ ఉన్నాయి. ప్రయాణికుల పేర్లు లేవు. ట్యాక్సీ నంబర్లను, డ్రైవర్ల లైసెన్సు నంబర్లను కూడా ఒక గణిత సూత్రంతో గుర్తుపట్టలేని అక్షరాలుగా మార్చి ఇచ్చారు. ఇంకేం కావాలి అనిపిస్తుంది. అయితే ట్యాక్సీ నంబర్లు కొన్ని నిర్ణీత పద్ధతుల్లోనే ఉంటాయి కాబట్టి, ఉండగలిగే నంబర్లన్నింటినీ అదే సూత్రంలో వేసి పోల్చి చూస్తే ముసుగు జారిపోతుందని విజయ్ పాండురంగన్ అనే ఇంజినీరు పసిగట్టాడు. గంటల్లోనే ఆ డేటాలోని ట్యాక్సీలన్నింటి అసలు నంబర్లూ తేలిపోయాయి.

అంతటితో ఆగలేదు. ఆంథొనీ టాకర్ అనే మరో యువకుడు సినిమా తారలు ట్యాక్సీ ఎక్కుతుండగా తీసిన పత్రికల ఫొటోలు ముందేసుకుని కూర్చున్నాడు. ఫొటోలో ట్యాక్సీ నంబరు కనిపిస్తోంది, ఎప్పుడు తీశారో తెలుసు. రెండూ కలిపి డేటాలో వెతికితే బ్రాడ్లీ కూపర్ ఎక్కడ దిగాడో, ఎంత ఇచ్చాడో వచ్చేసింది. తారల టిప్పుల సంగతి చదివి నవ్వుకోవచ్చు. అదే డేటాలో అర్ధరాత్రి నగ్న నృత్యాల క్లబ్బు ముందు ట్యాక్సీ ఎక్కి ఏ ఇంటి ముందు దిగారో కూడా ఉంది. అక్కడ నవ్వడానికి ఏమీ లేదు.

న్యూయార్క్ ట్యాక్సీ కమిషన్ ఆ తర్వాత చేసిన పని గమనించదగ్గది. ట్యాక్సీ సమాచారం ఇవ్వడం మానేయలేదు. నగరాన్ని 260కి పైగా జోన్లుగా విడగొట్టి, 2016 మధ్య నుంచి ఎక్కిన జోను, దిగిన జోను మాత్రమే ప్రకటిస్తోంది. ట్రాఫిక్ మీద పరిశోధన చేసేవాళ్లకు అది సరిపోతోంది. ఒకరి గుమ్మం కనిపెట్టాలనుకునేవాడికి పనికిరాదు. సమాచారం కావాలా, గోప్యత కావాలా తేల్చుకోమని నిలదీసే అధికారులకు ఈ ఒక్క ఉదాహరణ చాలు.

జాడ ఇంత తేలిగ్గా మనిషిని ఎందుకు పట్టిస్తుందో 2013లో ఇవ్ అలెగ్జాండర్ ద మొంజొయ్, ఆయన సహచరులు లెక్కగట్టారు. ఒక దేశంలో 15 లక్షల మంది ఫోన్ల కదలికలను 15 నెలల పాటు సెల్ టవర్ల ఆధారంగా, గంటకొక నమోదు చొప్పున పరిశీలించారు. ఒక మనిషి ఏ గంటలో ఎక్కడున్నాడో నాలుగు సందర్భాలు తెలిస్తే చాలు, నూటికి 95 మందిని మిగతా గుంపులోంచి వేరుచేసి చూపించగలిగారు. ఇది కచ్చితమైన జీపీఎస్ కూడా కాదు, టవరు పరిధితో వచ్చిన ఫలితం. ఆలోచిస్తే వింతేమీ లేదు. రాత్రిళ్లు ఫోన్ ఎక్కడుంటే అది ఇల్లు. పగలు ఎక్కడుంటే అది పనిచేసే చోటు. ఒకే ఇంట్లో ఉంటూ ఒకే ఆఫీసుకు వెళ్లేవాళ్లు ఎందరుంటారు? దానికి పిల్లల బడి, ఆదివారం వెళ్లే చర్చి కలిస్తే ఇంక పేరెందుకు?

ఈ కిటుకు మీద ఒక వ్యాపారమే నడుస్తోంది. ఉచిత యాప్‌లు పోగుచేసిన లొకేషన్లను దళారీ కంపెనీలు కొని, ఎవరు డబ్బిస్తే వాళ్లకు అమ్ముతాయి. 2019 డిసెంబరులో న్యూయార్క్ టైమ్స్ చేతికి అలాంటి ఒక ఫైలు చిక్కింది. 1.2 కోట్ల అమెరికన్ల ఫోన్లు, 5,000 కోట్లకు పైగా లొకేషన్ నమోదులు. పేర్లు లేవు. అయినా విలేఖరులు అందులోంచి అధ్యక్షుడి వెంట తిరిగే భద్రతాధికారి ఫోన్‌ను గుర్తుపట్టి, దాని వెనకాలే అధ్యక్షుడి రోజంతా గీసి చూపించారు. నమాజు వేళలు తెలిపే ముస్లిం ప్రో యాప్ నుంచి లొకేషన్లు ఎక్స్-మోడ్ అనే దళారీకి చేరుతున్నాయని, ఆ దళారీ ఖాతాదారుల్లో అమెరికా సైన్యపు కాంట్రాక్టర్లు ఉన్నారని 2020 నవంబరులో బయటపడింది. పిల్లలు ఎక్కడున్నారో తల్లిదండ్రులకు చూపించే లైఫ్‌360 కూడా ఆ పిల్లల జాడను దళారీలకు అమ్ముతోందని 2021 డిసెంబరులో తెలిసింది. పిల్లల క్షేమం కోసమని పెట్టుకున్న యాప్ అది! గగ్గోలు రేగాక, కచ్చితమైన లొకేషన్ అమ్మకం ఆపేస్తామని మరుసటి నెల ఆ కంపెనీ ప్రకటించుకుంది.

మన దగ్గర ఇంత హంగు అక్కర్లేదు. టెలికాం కంపెనీలు కాల్ రికార్డులను కనీసం రెండేళ్లు దాచాలని 2021 డిసెంబరులో కేంద్రం లైసెన్సు నిబంధన మార్చింది. ఏ టవరు కింద నుంచి మాట్లాడారో అందులో ఉంటుంది. ఆ రికార్డులను దొంగదారిలో తెప్పించి అమ్ముతున్న ప్రైవేటు డిటెక్టివ్‌లను 2018లో థానే పోలీసులు అరెస్టు చేశారు. కొట్టంలో గడ్డివామి ఉంటే నిప్పు ఎప్పుడో అప్పుడు వెతుక్కుంటూ వస్తుంది.

లొకేషన్ వద్దే వద్దనడం కూడా మూర్ఖత్వమే. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో 108 అంబులెన్సు మొదలైన నాటి నుంచి తెలుగు నేల మీద ఎన్ని ప్రాణాలు నిలిచాయో అందరికీ తెలుసు. అంబులెన్సుకు కావలసింది రోగి పేరు కాదు, చోటు. ఆపదలో ఉన్న ఆడపిల్ల ఫోన్‌లో మీట నొక్కితే పోలీసులు వెతుక్కోవాల్సిందీ చోటే. డెంగీ ఏ వీధిలో ముదురుతోందో తెలియకుండా ఫాగింగ్ చేయించడం దండగ. హెచ్‌ఐవీ నివారణలో సెక్స్ వర్కర్లు ఉండే చోట్లను గుర్తించి మ్యాపులు గీస్తారు, అవీ అవసరమే. కానీ అదే మ్యాపు ఇంటి యజమానుల వాట్సాప్ గ్రూపుకో, స్టేషన్‌లో రాబడి వెతుక్కునే కానిస్టేబుల్‌కో చేరితే ఏమవుతుంది? వైద్యం అందాల్సిన మనిషి రాత్రికి రాత్రే ఊరు విడిచిపోతుంది.

కాబట్టి చర్చ జరగాల్సింది ఎంత దగ్గరి నుంచి చూడాలి, ఎవరు చూడాలి, ఎన్నాళ్లు ఉంచాలి అన్న మూడు ప్రశ్నల మీద. వీటికి జవాబులు చట్టాల్లో కన్నా ముందు ఎక్సెల్ షీటులో ఉన్నాయి.

అక్షాంశంలో ఒక డిగ్రీ అంటే నేల మీద దాదాపు 111 కిలోమీటర్లు. దశాంశ బిందువు తర్వాత రెండంకెలు ఉంచితే కిలోమీటరు పైచిలుకు. మూడంకెలైతే 110 మీటర్లు. నాలుగైతే 11 మీటర్లు, అంటే ఒక ఇల్లు. మామూలు ఫోన్ జీపీఎస్ కచ్చితత్వమే బాగా కుదిరితే నాలుగైదు మీటర్లు. అయినా మన శాఖల యాప్‌లలో ఆరంకెలు, ఏడంకెలు నమోదవుతుంటాయి. ఆ చివరి అంకెలు వట్టి ఆడంబరం. జిల్లా స్థాయిలో డెంగీ తీరు చూడడానికి రెండంకెలు చాలు. ఇల్లు కావలసింది ఆ ఇంటికి వెళ్లే ఆశా కార్యకర్తకు, ఏఎన్‌ఎంకు. కలెక్టరేట్‌లో గోడ మీది తెరకు కాదు, పత్రికకు అసలే కాదు.

అయితే అంకెలు కోయడంలో ఒక మెలిక ఉంది. అమీర్‌పేటలో హాస్టళ్లు కిక్కిరిసిన సందులో 110 మీటర్ల పరిధి అంటే వందల మంది. అంతమందిలో ఒకరు ఇట్టే కలిసిపోతారు. నల్లమల అడవిలో పెంటలనే చెంచు గూడేలు కొన్నింటిలో పట్టుమని పది కుటుంబాలు కూడా ఉండవు. అక్కడ కిలోమీటరు వెడల్పున మసకబార్చినా ఆ వృత్తంలో ఉండేది ఆ ఒక్క పెంటే. "ఈ ప్రాంతంలో ఒక క్షయ రోగి" అని మ్యాపులో చుక్క పెడితే ఎవరో చెప్పేసినట్టే. హైదరాబాద్‌లో కూర్చుని రాసిన నియమం హైదరాబాద్‌ను కాపాడుతుంది, అడవిని కాపాడదు.

ఈ మెలిక అర్థంకాకే స్ట్రావా అనే వ్యాయామ యాప్ 2018లో అల్లరిపాలైంది. తమ వినియోగదారులు పరుగెత్తిన, సైకిల్ తొక్కిన దారులన్నీ కలిపి 2017 నవంబరులో ఒక వెలుగుల మ్యాపు విడుదల చేసింది. వంద కోట్ల వ్యాయామాల పోగు, ఎవరి పేరూ లేదు. నగరాల్లో అది నిజంగానే ఎవరినీ పట్టివ్వలేదు. అఫ్ఘానిస్థాన్, సిరియా ఎడారుల్లో మాత్రం చిమ్మచీకటి మధ్య చక్కగా దీర్ఘచతురస్రాలు మెరిశాయి. అక్కడ చేతికి ఫిట్‌నెస్ బ్యాండు కట్టుకుని తెల్లారే పరుగెత్తేది విదేశీ సైనికులు తప్ప ఇంకెవరు? నేథన్ రూజర్ అనే ఆస్ట్రేలియా విద్యార్థి 2018 జనవరిలో ఆ సంగతి పట్టేశాడు. లక్షల కోట్ల రూపాయల సైన్యం స్థావరాలు, గస్తీ దారులతో సహా, ఒక కుర్రాడి ల్యాప్‌టాప్‌లో కనిపించాయి.

మసకబార్చడానికి మరికొన్ని పద్ధతులున్నాయి. అసలు చోటును ఏదో ఒక దిక్కుకు, కనీసం ఇంత, గరిష్ఠంగా ఇంత దూరమని పెట్టుకుని జరపడం ఒకటి. ఊళ్లో తక్కువ దూరం, అడవిలో ఎక్కువ దూరం. ఒకే ఇంటికి నెలనెలా వెళ్లేటప్పుడు ప్రతిసారీ కొత్తగా జరిపితే మళ్లీ తంటా. పన్నెండు చుక్కల సగటు తీస్తే నడిమధ్యలో ఇల్లు తేలుతుంది. ఒక్కసారి జరిపి, దానికే కట్టుబడి ఉండాలి. గడులుగా విడగొట్టి సంఖ్యలు ప్రకటించేటప్పుడు ఇద్దరు ముగ్గురే ఉన్న గడిని ఖాళీగా వదలాలి, లేదా పక్క గడితో కలపాలి. వేళనూ కుదించాలి. "ఉదయం 9:42" అనేదానికి బదులు "ఉదయం" అంటే పని జరగదా? ఇవేవీ కోట్లు ఖర్చయ్యే పనులు కావు. ఒక మధ్యాహ్నం కూర్చుంటే జీఐఎస్ టెక్నీషియన్ చేసేస్తాడు. అతణ్ని చేయమని ఎవరూ అడగడం లేదు, అంతే.

అడవి జంతువుల విషయంలో ఈ జాగ్రత్త ఎప్పుడో మొదలైంది. 2013లో పన్నా అభయారణ్యంలో మెడకు జీపీఎస్ పట్టీ ఉన్న పులి జాడ చేరే ఈ-మెయిల్ ఖాతాను తెరవడానికి ఎవరో ప్రయత్నించారని తెలిసి అటవీ అధికారులు ఉలిక్కిపడ్డారు. అరుదైన పక్షుల గూళ్లు ఎక్కడున్నాయో పక్షి ప్రేమికుల వేదికలు కావాలనే దాచిపెడతాయి. పులికీ పిట్టకూ ఉన్న ఈ పాటి మర్యాద ఉపాధి కూలీకి ఇంకా దక్కలేదు.

ఉపాధి హామీలో కూలీల హాజరు కోసం 2021 మేలో ఎన్‌ఎంఎంఎస్ యాప్ వచ్చింది. 2023 జనవరి 1 నుంచి దాదాపు అన్ని పనుల దగ్గరా తప్పనిసరి అయింది. మేట్ తన ఫోన్‌తో రోజుకు రెండుసార్లు కూలీల్ని వరసగా నిలబెట్టి జియోట్యాగ్ ఉన్న ఫొటో తీసి ఎక్కించాలి. కూలీల్లో ఎక్కువమంది ఆడవాళ్లు. సిగ్నల్ లేక ఫొటో ఎక్కకపోతే కూలి పోయినట్టే. ఎక్కిన ఫొటోలు పథకం వెబ్‌సైట్‌లో లోకమంతా చూసేలా ఉండేవి. ఏ రోజు, ఏ చెరువు గట్టు మీద, ఎవరెవరు. భర్త వేధింపులకు పారిపోయి పుట్టింటి ఊళ్లో మట్టి పనికి వెళ్తున్న స్త్రీ ఉనికి కూడా అందులో ఉంటుందని యాప్ తయారుచేసినవాళ్లకు తట్టినట్టు లేదు.

మోసాలు ఆపడానికే ఇదంతా అన్నారు. ఫొటోకే ఫొటో తీసి ఎక్కిస్తున్నారని, పనికి సంబంధం లేని ఫొటోలు పెడుతున్నారని 2025 జులైలో కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖే రాష్ట్రాలకు రాసిన లేఖలో ఒప్పుకుంది. అంటే దొంగలు దొరకలేదు, కూలీలు మాత్రం దొరికిపోయారు. నిజంగా దొంగల్ని పట్టిన పద్ధతి ఒకటి ఈ నేల మీదే పుట్టింది. 2006 నుంచి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో నడిచిన సామాజిక తనిఖీ అది. మస్టర్లు గ్రామసభలో చదివి వినిపించి, ఊరివాళ్ల ముందు ఫీల్డ్ అసిస్టెంట్‌ను నిలదీసేవారు. ప్రజలు సర్కారును చూసే పారదర్శకత అది. జియోట్యాగ్ ఫొటోలో సర్కారు ప్రజల్ని చూస్తుంది. ఈ రెండింటినీ ఒకే గాటన కట్టకూడదు.

ఇది ఒక్క పథకంతో పోయే జబ్బు కాదు. చండీగఢ్, నాగ్‌పుర్‌లలో పారిశుద్ధ్య కార్మికుల చేతికి జీపీఎస్ వాచీలు కట్టారు. వాళ్లు రోడ్డెక్కి నిరసన తెలిపారు. కొవిడ్ తొలి రోజుల్లో, 2020 మార్చిలో, కర్ణాటక ప్రభుత్వం హోం క్వారంటైన్‌లో ఉన్నవాళ్ల ఇళ్ల చిరునామాలు ఏకంగా ప్రకటించేసింది. గంటకొక సెల్ఫీ పంపమంది. రోగం తగ్గింది గానీ ఆ జాబితాలు ఎన్ని ఫోన్లలో మిగిలాయో ఎవరు చెప్పగలరు? ఇక మన రెండు రాష్ట్రాల్లో కింది స్థాయి ఉద్యోగి ఏ పని చేసినా జీపీఎస్ మ్యాప్ కెమెరాతో ఫొటో తీసి గ్రూపులో పెట్టాల్సిందే. పింఛను అందుకుంటున్న అవ్వ ఫొటో, దాని కింద అక్షాంశం, రేఖాంశం, ఊరు, పిన్‌కోడు, తేదీ, వేళ. అవ్వ ఒంటరిగా ఉంటుందని, ఇప్పుడే డబ్బు ముట్టిందని, ఇల్లు ఇదీ అని ఒక్క బొమ్మలో చెప్పేస్తున్నాం. ఉద్యోగి తప్పేమీ లేదు, పైవాడు అడిగాడు కాబట్టి పంపాడు. ఆ ఫొటో పై అధికారి ఫోన్‌లోంచి ఫేస్‌బుక్ పేజీకి వెళ్లేటప్పుడైనా అంకెలు చెరిపేయాలన్న ఇంగితం ఉండాలి.

ఫొటోలో అంకెలు కనిపించకపోయినా ప్రమాదం పోదు. 2012 డిసెంబరులో యాంటీవైరస్ వ్యాపారి జాన్ మెకఫీ పోలీసులకు దొరక్కుండా తిరుగుతుండగా, ఆయన వెంట ఉన్న వైస్ పత్రికవాళ్లు గొప్పగా ఒక ఫొటో వేశారు. ఐఫోన్ ఆ ఫొటో లోపల జాడను కూడా దాచింది. ఆయన గ్వాటెమాలాలో ఉన్నట్టు ఇంటర్నెట్‌లో నలుగురూ చదివేశారు. మన విలేఖరులకు ఇది రోజూ పనికొచ్చే పాఠం. అత్యాచార బాధితురాలి పేరు మార్చి రాసి, ఆమె ఇంటి ముందు తీసిన ఫొటోను అసలు ఫైలుగా అప్‌లోడ్ చేస్తే పేరు మార్చిన పుణ్యం దక్కదు. వాట్సాప్‌లో మామూలు ఫొటోగా పంపితే ఈ లోపలి సమాచారం రాలిపోతుంది. డాక్యుమెంటుగా పంపితే అలాగే వెళ్తుంది.

న్యాయస్థానాలు ఈ విషయంలో ప్రభుత్వాల కన్నా ముందున్నాయి. రిటైర్డ్ న్యాయమూర్తి పుట్టస్వామి వేసిన కేసులో తొమ్మిది మంది న్యాయమూర్తుల సుప్రీంకోర్టు ధర్మాసనం 2017 ఆగస్టు 24న గోప్యత ప్రాథమిక హక్కేనని ఏకగ్రీవంగా తేల్చింది. జాడ కూడా అందులో భాగమేనని 2024 జులై 8న ఇచ్చిన మరో తీర్పుతో స్పష్టమైంది. మాదకద్రవ్యాల కేసులో బెయిలు వచ్చిన ఒక విదేశీయుడు తానెక్కడున్నాడో దర్యాప్తు అధికారికి కనిపించేలా గూగుల్ మ్యాప్స్‌లో పిన్ పెట్టి ఉంచాలని హైకోర్టు షరతు పెట్టింది. బెయిలు మీద ఉన్నవాడి కదలికల్ని పోలీసులు అనుక్షణం తొంగిచూసేలా షరతు పెట్టడం అతడి గోప్యతను హరించడమేనని జస్టిస్ అభయ్ ఓకా, జస్టిస్ ఉజ్జల్ భుయాన్ ఆ షరతును కొట్టేశారు. నిందితుడికి ఉన్న హక్కు మట్టి తవ్వే కూలీకి లేదా?

ఈ బాధ్యతలో కొంత హైదరాబాద్‌ది. దేశానికి ఉపగ్రహ చిత్రాలు అందించే ఎన్‌ఆర్‌ఎస్‌సీ బాలానగర్‌లో ఉంది. సర్వే ఆఫ్ ఇండియా శిక్షణ సంస్థ ఉప్పల్‌లో ఉంది. యాపిల్ 2016లో తన మ్యాపుల కేంద్రాన్ని ఇక్కడే తెరిచింది. దేశదేశాలకు మ్యాపులు గీసిపెట్టే పని ఈ నగరంలో తొంభైల నుంచీ సాగుతోంది. యూరప్ క్లయింటు కోసం జాడను మసకబార్చే కోడ్ రాస్తున్న ఇంజినీర్లే సొంత రాష్ట్రం టెండరులో ఆ ఊసెత్తరు. టెండరులో ఎవరూ అడగలేదు కాబట్టి! ఐటీ శాఖలు ఇకపై పిలిచే ప్రతి టెండరులో, ఎన్ని మీటర్ల కచ్చితత్వం ఎందుకు కావాలో, ఏ తేదీన చెరిపేస్తారో రెండు వాక్యాలు రాయాలన్న నిబంధన పెడితే ఖజానాకు ఒక్క రూపాయి భారం పడదు.

చట్టం వచ్చింది కదా అనేవాళ్లున్నారు. వ్యక్తిగత డిజిటల్ డేటా పరిరక్షణ చట్టం 2023 ఆగస్టులో వచ్చిన మాట నిజం. భద్రతా లోపానికి 250 కోట్ల రూపాయల వరకు జరిమానా ఉంది. కానీ అందులో లొకేషన్‌కు ప్రత్యేక రక్షణ ఏదీ లేదు. ఫోన్ నంబరెంతో ఇంటి జాడా అంతే. సబ్సిడీలు, పథకాల కోసమైతే ప్రభుత్వం అనుమతి అడగకుండానే డేటా వాడుకునే దారి ఏడో సెక్షన్‌లో ఉంది. కోరుకున్న ప్రభుత్వ సంస్థల్ని చట్టం నుంచి మినహాయించే అధికారమూ కేంద్రానికుంది. గృహనిర్మాణ సంస్థ ఉదంతం లాంటిది మళ్లీ జరిగితే ఈ చట్టం ఎవర్ని ఎంత కదిలిస్తుందో చూడాల్సిందే.

చూసే అవకాశం దగ్గరలోనే ఉంది. 2026 ఏప్రిల్, సెప్టెంబరు మధ్య ఇళ్ల జాబితా, 2027 ఫిబ్రవరిలో జనం లెక్క అని జనగణన షెడ్యూలు ప్రకటించారు. మొట్టమొదటిసారి అంతా ఫోన్లలోనే. భవనాలకు జియోట్యాగ్ ఉంటుందన్నారు. స్వాతంత్ర్యం వచ్చాక తొలిసారి అన్ని కులాల లెక్కా ఉంటుంది. అంటే 2018లో ఒక రాష్ట్రంలో ఒక శాఖ లబ్ధిదారుల జాబితాలో పక్కపక్కన చేరిన కులం, ఇంటి జాడ ఈసారి దేశమంతటికీ నమోదవుతాయి. జనగణన చట్టం 1948 పదిహేనో సెక్షన్ పాతదైనా గట్టిది. గణకుడు రాసుకున్నది తనిఖీ చేసే హక్కు ఎవరికీ లేదని, అది సాక్ష్యంగా కూడా చెల్లదని చెబుతుంది. అయితే ఆ సెక్షన్ కాగితం దస్త్రాలను, బీరువా తాళాలను దృష్టిలో పెట్టుకుని రాసింది. గణకుడి సొంత ఫోన్‌ను, సర్వర్‌ను, కాంట్రాక్టరును అది ఊహించలేదు. కులం ఒక చోట, అక్షాంశ రేఖాంశాలు మరో చోట విడివిడిగా భద్రపరుస్తారా, రెండింటినీ కలిపి చూసే తాళం ఎవరి దగ్గరుంటుంది, లెక్కలు తేలాక జియోట్యాగ్‌లను ఏ తేదీన చెరిపేస్తారు అన్న ప్రశ్నలకు రిజిస్ట్రార్ జనరల్ రాతపూర్వకంగా జవాబివ్వాలి. మన రెండు రాష్ట్రాల ఎంపీలు అడగాల్సింది అదే. అడగడానికి గడువు కూడా ఎక్కువ లేదు. డేటా పరిరక్షణ చట్టం నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి. వాటిలో అసలైన బాధ్యతలు అమల్లోకి వచ్చేది 18 నెలల తర్వాత, అంటే 2027 మేలో. జనగణన మార్చి 1 నాటికే ముగుస్తుంది.